లినక్స్ బూట్ కాగానే తెర మీదికి రావాల్సిన ప్రోగ్రామ్ రావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల టోకెన్ తెరలు, మిర్చి యార్డు దగ్గర కమీషన్ దుకాణాల్లో తూకం తెరలు, విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల దుకాణాల ధరల బోర్డులు. కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. పాత డెస్క్‌టాప్ కంప్యూటరో, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పైనో తీసుకుని లినక్స్ వేస్తాను. ఉదయం షట్టరు ఎత్తి స్విచ్ వేస్తే, ఇంకెవరి చెయ్యీ పడకుండా తెర మీద బొమ్మ రావాలి. రాకపోతే నా ఫోను మోగుతుంది.

ఆ ఫోన్లలో పదే పదే వచ్చిన ప్రశ్నలివి. కొన్ని దుకాణదారులవి, కొన్ని ఇదే పని చేసే కుర్రాళ్లవి. కమాండ్లను, ఫైలు పేర్లను ఫోనులో చెప్పినట్టే తెలుగులో పలికి రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ఐకాన్ మీద నొక్కితే చక్కగా తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే మాత్రం రాదు. ప్రోగ్రామ్‌లో లోపమా?

చాలాసార్లు కాదు. మీరు ఐకాన్ నొక్కే సమయానికి వెనక ఎన్నో పనులు జరిగిపోయి ఉంటాయి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లేచింది, డిస్కులు తగిలించుకుంది, సిస్టమ్‌డీ అనే మేనేజరు, వెనక నడిచే ప్రోగ్రామ్‌లైన సర్వీసులన్నిటినీ లేపింది, డిస్‌ప్లే మేనేజర్ లాగిన్ తెర చూపింది, మీరు పాస్‌వర్డ్ కొట్టారు, డెస్క్‌టాప్ వచ్చింది, మీ పేరిట ఒక సెషన్ మొదలైంది. మీ ప్రోగ్రామ్ ఆ సెషన్‌లో కూర్చుని తన విండో తెరుస్తుంది.

బూట్ సమయంలో ఇవేవీ లేవు. తెర లేదు, సెషన్ లేదు, లాగిన్ అయిన మనిషే లేడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ప్రోగ్రామ్ మాత్రం ముందే పుట్టేసింది. కూర్చోవడానికి చోటు లేక అక్కడికక్కడే పోయింది. పది సెకన్ల తర్వాత డెస్క్‌టాప్ వచ్చినా, పోయిన ప్రోగ్రామ్ తనంతట తాను తిరిగి రాదు.

అందుకే ఫోను చేసినవారిని నేను మొదట ఒకటే అడుగుతాను: మీ ప్రోగ్రామ్ బూట్‌లో మొదలవ్వాలా, లాగిన్‌లో మొదలవ్వాలా? డేటాబేసు, ఫైల్ సర్వర్ లాంటి తెర అక్కర్లేనివి బూట్‌లో మొదలవ్వాలి. తెర మీద బొమ్మ చూపేవి లాగిన్‌లో మొదలవ్వాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే కింది ప్రశ్నల్లో సగం పుట్టాయి.

డిస్‌ప్లే తెరవలేకపోయానని ఎర్రర్ వస్తోంది. టీవీ వైరు చూడాలా?

వైరుతో సంబంధం లేదు. ప్రోగ్రామ్‌కు తెర చిరునామా తెలియకపోవచ్చు, లేదా చిరునామా తెలిసినా లోపలికి రానివ్వకపోవచ్చు. లినక్స్‌లో తెర మీద విండోలు గీసే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఇప్పటికీ నడుస్తున్న 11వ వెర్షన్ 1987 నాటిది. అందులో తెర చిరునామా 'డిస్‌ప్లే' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్‌కు పరిసరాల గురించి చెప్పే చీటీలో) ఉంటుంది, మామూలుగా కోలన్ సున్నా అని. లోపలికి వెళ్లడానికి టికెట్టు లాంటిది ఎక్స్‌అథారిటీ అనే ఫైలు. చిరునామా పట్టుకుని వెళ్లినా టికెట్టు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

చాలామంది ఎక్కడో చూసి కోలన్ సున్నా అని చేత్తో రాసేస్తారు. ఒక కంప్యూటర్లో పని చేస్తుంది. పక్క దుకాణంలో లాగిన్ తెరే సున్నాను ఆక్రమించుకుని, వాడుకరికి కోలన్ ఒకటి దక్కుతుంది. టికెట్టు ఫైలు కూడా అంతే: లైట్‌డీఎం అనే డిస్‌ప్లే మేనేజర్ అయితే హోమ్ ఫోల్డరులో ఉంటుంది, జీడీఎం అయితే రన్ ఫోల్డరు కింద ఎక్కడో ఉంటుంది. వీటి వెంట పరుగెత్తడం కన్నా ప్రోగ్రామ్‌ను సెషన్ లోపలి నుంచే మొదలుపెట్టండి. రెండూ వాటంతట అవే అందుతాయి.

సెషన్ లోపలి నుంచి మొదలుపెట్టడం ఎలా?

హోమ్ ఫోల్డరులో డాట్ కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డరు ఉంటుంది. అందులో ఆటోస్టార్ట్ అనే ఫోల్డరు ఉంటుంది, లేకపోతే మీరే చేయండి. దానిలో 'టోకెన్ డాట్ డెస్క్‌టాప్' లాంటి పేరుతో ఒక చిన్న టెక్స్టు ఫైలు పెట్టాలి. నాలుగు వరుసలు చాలు. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య 'డెస్క్‌టాప్ ఎంట్రీ'. రెండో వరుసలో 'టైప్ ఈక్వల్స్ అప్లికేషన్'. మూడో వరుసలో 'నేమ్ ఈక్వల్స్' అని, ఆపై మీకు నచ్చిన పేరు. నాలుగో వరుసలో 'ఎగ్జెక్ ఈక్వల్స్' అని, ప్రోగ్రామ్ పూర్తి చిరునామా.

గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్, సినమన్ అనే డెస్క్‌టాప్‌లన్నీ ఈ ఫోల్డరును గౌరవిస్తాయి. కంప్యూటర్లో ఎవరు లాగిన్ అయినా నడవాలంటే ఇదే ఫైలును ఈటీసీ కింద ఎక్స్‌డీజీ, దాని కింద ఆటోస్టార్ట్ ఫోల్డరులో పెట్టండి. పదిలో తొమ్మిది దుకాణాలకు నేను ఇంతకు మించి ఏమీ చేయను.

ఆ ఫైలు పెట్టాను. అయినా రాలేదు.

ముందు ఎగ్జెక్ వరుస చూడండి. గుంటూరులో ఇల్లు వెతికినవారికి తెలుసు, బ్రాడీపేట నాలుగో లైను అంటే చాలదు. 4/14 అని అడ్డరోడ్డు కూడా చెప్పాలి. ఇక్కడా అంతే. స్లాష్‌తో మొదలుపెట్టి హోమ్, వాడుకరి పేరు, ఫోల్డరు, ఫైలు అని చివరి దాకా రాయాలి. టిల్డె గుర్తు పెట్టి వదిలేస్తే కుదరదు. టిల్డె అంటే 'మా ఇల్లు' అని అర్థం చేసుకునేది, టెర్మినల్‌లో కమాండ్లు చదివే షెల్ మాత్రమే. ఎగ్జెక్ వరుసను చదివేది షెల్ కాదు. డాలర్ హోమ్ అన్నా, అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లించే బాణం గుర్తు పెట్టినా దానికి తెలియదు. అవన్నీ కావాలంటే ఒక షెల్ స్క్రిప్టు రాసి, ఎగ్జెక్‌లో ఆ స్క్రిప్టు చిరునామా ఇవ్వండి.

స్క్రిప్టు రాశారంటే ఇంకో రెండు ఉచ్చులు. ఒకటి, దానికి నడిచే అనుమతి ఉండాలి: 'సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్'. రెండోదాని దగ్గర నాకు ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది. స్క్రిప్టు తెరిచి చూస్తే ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది. నడిపితే మాత్రం స్క్రిప్టును చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ దొరకలేదంటుంది. మొదటి వరుసలో బిన్ బాష్ అని కళ్ల ముందే కనిపిస్తోంది, కంప్యూటర్లో బాష్ కూడా ఉంది. చివరికి 'క్యాట్ హైఫన్ పెద్ద ఏ' కమాండ్‌తో ఫైలు చూస్తే ప్రతి వరుస చివరా టోపీ గుర్తు, ఎం కనిపించాయి. ఆ స్క్రిప్టును దుకాణంలోని విండోస్ కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. విండోస్ వరుస చివర అదనంగా ఒక కనిపించని అక్షరం పెడుతుంది. లినక్స్ దాన్ని కూడా పేరులో భాగమనుకుని, 'బాష్' కోసం కాకుండా 'బాష్, ఆ అక్షరం' కోసం వెతికింది. 'డాస్ టు యూనిక్స్' అనే చిన్న పనిముట్టు వాటిని ఏరేస్తుంది.

ఇవి కాకపోతే ఫైలులో 'హిడెన్ ఈక్వల్స్ ట్రూ' ఉందేమో చూడండి. అది ఉంటే ఫైలు లేనట్టే లెక్క. 'ఓన్లీ షో ఇన్' అని ఏదైనా డెస్క్‌టాప్ పేరు ఉంటే, మిగతా డెస్క్‌టాప్‌లు దాన్ని పట్టించుకోవు.

స్విచ్ వేస్తే లాగిన్ తెర దగ్గరే ఆగిపోతోంది. రోజూ పాస్‌వర్డ్ ఎవరు కొడతారు?

ఆటో లాగిన్ పెట్టాలి. గ్నోమ్, కేడీఈల సెట్టింగులలో వాడుకరుల దగ్గరే ఈ మీట ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో 'రాస్పీ కాన్ఫిగ్'లో ఉంటుంది. లైట్‌డీఎం అయితే దాని కాన్ఫిగ్ ఫైలులో 'ఆటోలాగిన్ యూజర్' వరుస నింపాలి. దీనికోసం ఏ అధికారాలూ లేని వేరే వాడుకరిని సృష్టించండి. తాళం వేయని ఇంట్లో బీరువా తాళాలు వదిలిపెట్టరు కదా, సుడో హక్కులున్న, అంటే యజమాని అధికారంతో కమాండ్లు నడపగల వాడుకరికి ఆటో లాగిన్ ఇవ్వడం అలాంటిదే.

ఆటో లాగిన్‌తో ఒక కొత్త చిక్కు వస్తుంది. కొత్తపేటలో ఒక క్లినిక్‌లో తెర పెట్టిన మర్నాడు ఉదయం ఫోను వచ్చింది. వెళ్లి చూస్తే గోడ మీది 43 అంగుళాల టీవీ మధ్యలో ఒక చిన్న పెట్టె, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్‌కు పాస్‌వర్డ్ అడుగుతోంది. కింద బెంచీల మీద ఇరవైమంది రోగులు దాన్నే చూస్తున్నారు. ఒక పెద్దావిడ నన్ను చూసి, "బాబూ, ఆ నంబరు మనం చెప్పాలా?" అని అడిగింది. మామూలుగా మీరు లాగిన్‌లో కొట్టే పాస్‌వర్డ్‌తోనే కీరింగ్ కూడా తెరుచుకుంటుంది. ఆటో లాగిన్‌లో ఎవరూ కొట్టరు కనుక అది మూసే ఉంటుంది. క్రోమియం లాంటి బ్రౌజర్ లేవగానే దాన్ని తెరవమని అడుగుతుంది. క్రోమియంకు 'పాస్‌వర్డ్ స్టోర్ ఈక్వల్స్ బేసిక్' అనే మీట ఇస్తే కీరింగ్ జోలికి పోదు. లేదా కీరింగ్ పాస్‌వర్డ్‌ను ఖాళీగా మార్చవచ్చు. అప్పుడు అందులోని రహస్యాలకు రక్షణ ఉండదు, కాబట్టి ఆ కంప్యూటర్లో అసలు రహస్యాలేవీ పెట్టకండి.

ఆర్‌సీ లోకల్‌లో ఒక వరుస రాస్తే చాలన్నారు. క్రాన్‌లో 'ఎట్ రీబూట్' పెట్టమన్నారు మరొకరు.

ఆర్‌సీ లోకల్ అంటే బూట్‌లో నడిచే స్క్రిప్టు, క్రాన్ అంటే చెప్పిన వేళకు పనులు నడిపేది. రెండూ పాత సలహాలే, రెండూ తెర ప్రోగ్రామ్‌లకు పనికిరావు. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటు రెండూ 2015లోనే సిస్టమ్‌డీకి మారిపోయాయి. ఆర్‌సీ లోకల్‌ను పాతవాళ్ల కోసం ఇంకా మోస్తున్నారు, అంతే. అది బూట్‌లో, అన్ని అధికారాలూ ఉన్న రూట్ అనే వాడుకరి పేరిట నడుస్తుంది. క్రాన్ కూడా బూట్‌లోనే లేస్తుంది. దానికి డిస్‌ప్లే తెలియదు, కమాండ్ల కోసం అది వెతికే ఫోల్డర్లు కూడా రెండు మూడే. మొదటి ప్రశ్నలో చెప్పిన సోమలింగం కథే ఇక్కడా జరుగుతుంది.

పోనీ, 'స్లీప్ 30' పెట్టి ముప్పై సెకన్లు ఆపితే?

పని చేస్తుంది. పని చేయని రోజు దాకా. బల్ల మీద పరీక్షించిన కంప్యూటర్‌లో ఎస్ఎస్‌డీ ఉంది, పదిహేను సెకన్లలో లేచింది. దుకాణంలోని దానికి పదేళ్ల నాటి హార్డ్ డిస్కు ఉంది. కరెంటు పోయి వచ్చాక డిస్కు తనిఖీ మొదలైతే మూడు నిమిషాలైనా పట్టవచ్చు. ముప్పైని అరవై చేస్తారు, తర్వాత నూట ఇరవై. చివరికి మిగతా రోజులన్నీ రెండు నిమిషాలు నల్ల తెర చూస్తూ కూర్చుంటారు.

సెకన్లు లెక్కపెట్టడం మానేసి, దేనికోసం ఆగుతున్నారో దాన్నే చూడండి. సర్వర్ జవాబిచ్చే దాకా, తూకం యంత్రం పోర్టు కనిపించే దాకా, రెండు సెకన్లకోసారి అడుగుతూ తిరిగే చిన్న లూప్ రాయండి. రాగానే ముందుకు పోతుంది, రాకపోతే ఆగుతుంది.

సిస్టమ్‌డీ సర్వీసుగా పెడితే, ప్రోగ్రామ్ కూలిపోయినా మళ్లీ లేస్తుందట కదా?

అవును, ఆటోస్టార్ట్ ఫైలుకు లేని గొప్ప సుగుణం అది. దుకాణంలో పిల్లవాడు మౌసుతో విండో మూసేస్తే ఆటోస్టార్ట్ మళ్లీ తెరవదు. సిస్టమ్‌డీ తెరుస్తుంది. అయితే రెండు రకాల సిస్టమ్‌డీ సర్వీసులున్నాయి, ఇక్కడే చాలామంది దారి తప్పుతారు.

ఈటీసీ సిస్టమ్‌డీ సిస్టమ్ ఫోల్డరులో పెట్టేది మొత్తం కంప్యూటర్‌కు చెందిన సర్వీసు. అది బూట్‌లో నడుస్తుంది. మనకు కావలసింది వాడుకరి సర్వీసు. దాని చోటు హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, సిస్టమ్‌డీ, యూజర్. దీన్ని నడిపే కమాండ్లన్నిటికీ 'హైఫన్ హైఫన్ యూజర్' తగిలించాలి, ముందు సుడో పెట్టకూడదు. 'స్టార్ట్' అంటే ఇప్పటికి మొదలుపెట్టు అని, 'ఎనేబుల్' అంటే ఇకపై ప్రతిసారీ అని. స్టార్ట్ చేసి, నడుస్తోందని చూసుకుని, ఎనేబుల్ మరిచిపోయి ఇంటికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఫైలులో 'ఆఫ్టర్', 'పార్ట్ ఆఫ్', 'వాంటెడ్ బై' మూడింటికీ 'గ్రాఫికల్ సెషన్ డాట్ టార్గెట్' ఇవ్వండి. డెస్క్‌టాప్ సిద్ధమయ్యాక వచ్చే మజిలీ అది. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా కొత్త వెర్షన్లలో ఇది వస్తుంది. చిన్న డెస్క్‌టాప్‌లలో కొన్ని ఈ మజిలీని అసలు మొదలుపెట్టవు. అప్పుడు మీ సర్వీసు ఎనేబుల్ అయ్యే ఉంటుంది, ఎర్రరేమీ ఉండదు, ఎప్పటికీ మొదలవ్వదు. అలాంటి చోట ఆటోస్టార్ట్ ఫైలు పెట్టి, దాని నుంచి 'సిస్టమ్‌సీటీఎల్ యూజర్ స్టార్ట్' అనే కమాండ్‌తో ఈ సర్వీసును లేపండి. కాస్త చుట్టుతిరుగుడే, కానీ రెండింటి మంచీ దక్కుతుంది.

'లింగర్' అనే మీట గురించి కూడా అడుగుతుంటారు. అది లాగిన్ కాకముందే వాడుకరి సర్వీసులను లేపుతుంది. తెర ప్రోగ్రామ్‌కు దాన్ని వాడారంటే మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చారన్నమాట.

'రీస్టార్ట్ ఆల్వేస్' పెట్టాను. అయినా కాసేపటికి ప్రయత్నం మానేసి కూర్చుంటోంది.

సిస్టమ్‌డీకి ఓపిక తక్కువ. మీరు ఏమీ చెప్పకపోతే, పోయిన ప్రోగ్రామ్‌ను పదో వంతు సెకనులో మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు పోతే ఇక లేవదని చేతులెత్తేస్తుంది. తెర రావడానికి ఇంకా మూడు సెకన్లుంది అనుకోండి. ఆ ఐదు ప్రయత్నాలూ తెర రాకముందే అయిపోతాయి.

'రీస్టార్ట్ సెక్ ఈక్వల్స్ 5' అని రాయండి. ఐదు సెకన్లకొకసారి ప్రయత్నిస్తే పది సెకన్లలో ఐదుసార్లు పోయే అవకాశమే లేదు, కాబట్టి అది ఎప్పటికీ విసుగు చెందదు. ఒకసారి చేతులెత్తేసిన సర్వీసును మళ్లీ దారిలో పెట్టడానికి 'రీసెట్ ఫెయిల్డ్' అనే కమాండ్ ఉంది.

'ఆల్వేస్' బదులు 'ఆన్ ఫెయిల్యూర్' రాసినవారూ ఉన్నారు. విండోను మౌసుతో మూస్తే అది వైఫల్యం కాదు, మర్యాదగా వెళ్లిపోవడమే. అప్పుడు సిస్టమ్‌డీ వెనక్కి పిలవదు.

వేలాండ్ వచ్చాక పాత పద్ధతులన్నీ చెడిపోయాయి. ఏం చేయాలి?

అన్నీ కాదు, కొన్ని. ఎక్స్ స్థానంలో రావడానికి 2008లో వేలాండ్ పని మొదలైంది. ఉబుంటు, డెబియన్ గ్నోమ్‌లలో అది ఇప్పటికే మామూలైపోయింది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 2023 అక్టోబరులో పై 4, పై 5లకు దాన్నే ముందు పెట్టింది. రాస్ప్‌బెర్రీ పై గురించి అంతకు ముందు రాసిన సలహాలను నమ్మేటప్పుడు తేదీ చూసుకోండి.

ఆటోస్టార్ట్ ఫోల్డరు ఇక్కడా పని చేస్తుంది. తెరను ఆరిపోకుండా చేసే 'ఎక్స్‌సెట్', మౌసును కదిపే 'ఎక్స్‌డూటూల్' పని చేయవు. తన విండో తెర మీద ఎక్కడ ఉండాలో ప్రోగ్రామ్ తానే నిర్ణయించుకోలేదు కూడా. మీ ప్రోగ్రామ్ వీటి మీదే ఆధారపడితే, లాగిన్ తెర మూలనున్న చక్రం గుర్తులో ఎక్స్ సెషన్ ఉందేమో చూసి దానికి మారండి.

మొత్తం తెరంతా ఒకే ప్రోగ్రామ్ ఉంటే చాలనుకునేవారికి 'కేజ్' అని ఒకటుంది. పేరుకు తగ్గట్టు పంజరమే: డెస్క్‌టాప్ లేదు, ప్యానెల్ లేదు, లోపల ఒకే చిలుక. అదే తెరను తీసుకుని, అదే ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. తెర ప్రోగ్రామ్ బూట్‌లో మొదలవ్వకూడదన్న నా నియమానికి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే తెరను కూడా తానే తెచ్చుకుంటుంది.

ఏమైందో తెలుసుకోవడం ఎలా? తెర నల్లగా ఉంది, అంతే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తుంది. లేదా అదే నెట్‌వర్క్‌లో ఉన్న మరో కంప్యూటర్ నుంచి, దూరం నుంచే లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్లండి. 'జర్నల్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ యూజర్ హైఫన్ బీ' అని కొడితే, ఈ బూట్‌లో మీ సెషన్‌లో జరిగినదంతా వస్తుంది. బీ తర్వాత మైనస్ ఒకటి పెడితే అంతకు ముందటి బూట్ చూపిస్తుంది. దానికి వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డరు ఉండాలి, లేకపోతే కరెంటుతో పాటే లాగ్ కూడా పోతుంది. ఎక్స్ సెషన్‌లలో హోమ్ ఫోల్డరులోని 'డాట్ ఎక్స్‌సెషన్ ఎర్రర్స్' ఫైలు కూడా చూడండి.

నేను చేసే ఇంకో పని, ప్రోగ్రామ్‌ను నేరుగా కాకుండా మూడు వరుసల స్క్రిప్టు ద్వారా మొదలుపెట్టడం. మొదటిది 'డేట్', రెండోది ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లన్నీ చూపే 'ఎన్వ్', మూడోది ప్రోగ్రామ్; మూడింటి మాటలూ ఒకే ఫైలులోకి. ఆ ఫైలును, టెర్మినల్‌లో చేత్తో నడిపినప్పుడు వచ్చిన ఫైలును పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒకదాంట్లో డిస్‌ప్లే వరుస ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. లేదా కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా అయిన 'పాత్' వరుస ఒకదాంట్లో బారెడు, ఇంకోదాంట్లో బెత్తెడు. టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలులో మీరు రాసుకున్నవి ఆటోస్టార్ట్‌కు అందవని అప్పుడు కళ్లారా తెలుస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడే ఎందుకు పాడవుతుంది?

మన వేసవికి ఇది పెద్ద ప్రశ్న. దీనికి ఒక కారణం లేదు, నాలుగైదున్నాయి.

కంప్యూటరే లేవకపోతే, లినక్స్ కన్నా ముందు నడిచే బయోస్‌లో చూడాలి. కరెంటు తిరిగొస్తే ఏం చేయాలనే సెట్టింగు అక్కడ ఉంటుంది. చాలా బోర్డుల్లో అది 'ఆఫ్‌లో ఉండు' అనే ఉంటుంది. 'ఆన్ అవ్వు' అని మార్చండి.

లేచింది, కానీ తేదీ ఏళ్ల వెనక్కి పోయింది అంటే మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే వచ్చే తంటా చిన్నది కాదు: ఎన్‌క్రిప్టెడ్ వెబ్ చిరునామాల సర్టిఫికెట్లు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని బ్రౌజర్ తిరస్కరిస్తుంది. చూసేవారికి నెట్ లేనట్టు కనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలకు 5వ తరం దాకా లోపల గడియారమే లేదు. పై 5లో ఉంది, కానీ బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. పాతవి నెట్ వచ్చాకే సమయం దిద్దుకుంటాయి. కాబట్టి స్క్రిప్టులోని లూప్ సమయం దిద్దుకునే దాకా కూడా ఆగేలా రాయండి.

నెట్ కథ వేరు. కరెంటు రాగానే కంప్యూటర్ అరనిమిషంలో లేస్తుంది, రూటరుకూ ఫైబరు డబ్బాకూ రెండు మూడు నిమిషాలు పడుతుంది. సిస్టమ్‌డీలో 'నెట్‌వర్క్ ఆన్‌లైన్' అనే మజిలీ ఉంది కదా అంటారు. వాడుకరి సర్వీసు దానికోసం ఆగలేదు. ఆగినా, దాని దృష్టిలో ఆన్‌లైన్ అంటే రూటరు దాకా దారి ఉండటమే. మళ్లీ లూపే గతి.

టీవీ కన్నా ముందు రాస్ప్‌బెర్రీ పై లేస్తే, ఎదురుగా తెర ఉందని దానికి తెలియక బొమ్మ పంపదు. పాత పైలలో కాన్ఫిగ్ ఫైలులో 'హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ ఈక్వల్స్ 1' అని రాసేవాళ్లం. కొత్తవాటిలో కెర్నల్ వరుసలో 'వీడియో ఈక్వల్స్' అని పోర్టు పేరు, రిజల్యూషన్ రాసి చివర పెద్ద డీ అక్షరం పెట్టాలి.

ఇక క్రోమియం. సరిగ్గా మూయకుండా కరెంటు పోతే, పేజీలు తిరిగి తెరవమంటారా అని మూలన అడుగుతూ నిలబడుతుంది. దానికి తెరంతా నింపే కియోస్క్ మోడ్‌తో పాటు ఇన్‌కాగ్నిటో మోడ్ కూడా ఇస్తే నోరు మూసుకుంటుంది. ఎస్‌డీ కార్డుల మాట చెప్పనే అక్కర్లేదు. రాస్తుండగా కరెంటు పోతే చెడిపోతాయి. రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు. అప్పుడు సెట్టింగు ఏది మార్చాలన్నా ముందు దాన్ని ఆపాలి. అది మరిచిపోయి, మార్చినవి నిలవడం లేదని నాకు ఫోను చేయకండి.

తెలుగు పేర్లు తెర మీద డబ్బాలుగా వస్తున్నాయి. చేత్తో నడిపితే బాగానే ఉన్నాయి.

డబ్బాలైతే ఫాంటు లేదు, ప్రశ్నార్థకాలైతే లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) లేదు. చేత్తో నడిపితే బాగుండి ఆటోస్టార్ట్‌లో పాడైతే ఎక్కువగా లొకేలే. సర్వీసు ఫైలులో 'ఎన్విరాన్‌మెంట్' వరుసలో 'లాంగ్ ఈక్వల్స్ సీ డాట్ యూటీఎఫ్ 8' అని ఇవ్వండి. ఫాంటుకు నోటో శాన్స్ తెలుగు గానీ, లోహిత్ తెలుగు గానీ చాలు. దుకాణ యజమానులకు పోతన, వేమన ఫాంట్ల గుండ్రదనం నచ్చుతుంది, అవీ డెబియన్‌లో దొరుకుతాయి.

ఇంకో రకం ఉంది: అక్షరాలు వస్తాయి, వత్తులు విడిపోతాయి. 'లక్ష్మి' అన్న పేరు మూడు ముక్కలై నిలబడుతుంది. అది బూట్ సమస్య కాదు. ప్రోగ్రామ్ రాయడానికి వాడిన టూల్‌కిట్‌కు (విండోలు, అక్షరాలు గీసే పనిముట్ల సంచికి) సంయుక్తాక్షరాలు కూర్చడం రాదు. క్యూటీ, జీటీకేలకు వచ్చు.

మిర్చి యార్డు దగ్గర దుకాణంలో తూకం తెర. ప్రోగ్రామ్ వస్తుంది, బరువు మాత్రం సున్నా చూపిస్తుంది.

టిక్కీ (మిర్చి బస్తా) కాటా మీద ఉంది, కాటా మీది డిస్‌ప్లేలో బరువు కనిపిస్తోంది, కంప్యూటర్ తెర మీద సున్నా. గుమాస్తా నా వంక, రైతు గుమాస్తా వంక చూస్తుంటారు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే వైరు ఒకరోజు 'టీటీవై యూఎస్‌బీ సున్నా' పేరుతో వస్తుంది, బార్‌కోడ్ ప్రింటరు కూడా అలాంటి వైరుతోనే ఉంటే ఇంకోరోజు 'ఒకటి' అవుతుంది. ఎవరు ముందు లేస్తే వారిది సున్నా. డెవ్ కింద సీరియల్ ఫోల్డరులో 'బై పాత్' అని ఉంటుంది. అక్కడి పేరు వాడండి, అది ఏ రంధ్రంలో గుచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది కనుక మారదు. వైరు మీద సీహెచ్ 340 చిప్ ఉండి, కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 ఉంటే, చూపు లేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న 'బీఆర్ఎల్‌టీటీవై' అనే ప్రోగ్రామ్ దాన్ని తనదనుకుని లాగేసుకుంటుంది. అక్కడ బ్రెయిలీ పరికరం లేకపోతే దాన్ని తీసేయండి. వాడుకరిని 'డయల్అవుట్' గుంపులో చేర్చడం, చేర్చాక మళ్లీ లాగిన్ కావడం మరవద్దు.

ఒకే ప్రోగ్రామ్ రెండుసార్లు తెరుచుకుంటోంది.

రెండు చోట్ల పెట్టారు. ఆటోస్టార్ట్‌లో ఒకటి, సిస్టమ్‌డీలో ఒకటి. లేదా పాత ప్రయత్నంలో క్రాన్‌లో రాసి మరిచిపోయారు.

రూట్‌గా నడిపితే అన్ని అనుమతుల గొడవలూ తీరతాయి కదా?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వేలాండ్‌లో చాలాచోట్ల అసలు తెరుచుకోదు. తెరుచుకున్న చోట మీ హోమ్‌లోని ఫైళ్లు రూట్ సొత్తయిపోయి, తర్వాత మామూలుగా నడిపితే సెట్టింగులు రాయలేక కూలిపోతుంది.

పది నిమిషాలకు తెర ఆరిపోతోంది.

అది ప్రోగ్రామ్ చేస్తున్నది కాదు. పవర్ సెట్టింగులలో తెర ఆరిపోవడాన్ని 'ఎప్పుడూ వద్దు' అని పెట్టండి, తాళం వేయడాన్ని కూడా ఆపండి. టీవీకి సొంతంగా ఉండే కరెంటు పొదుపు సెట్టింగును కూడా చూడండి.

అంతా పెట్టాను. ఇక వెళ్లిపోవచ్చా?

ఇంకా లేదు. మెనూలో రీస్టార్ట్ నొక్కి చూడటం పరీక్ష కాదు. దుకాణంలో జరిగేది అలా జరగదు. డేటా కాపీ తీసుకుని, మెయిన్ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. రూటరు, టీవీ, కంప్యూటర్ అన్నీ ఒకేసారి లేవాలి. ఇలా మూడుసార్లు చేయండి, ఒక్కసారి నెట్ వైరు పీకేసి కూడా.

వన్‌టౌన్‌లో ఒక దుకాణంలో ఇదే చేస్తుంటే యజమాని గల్లా పెట్టె దగ్గర నుంచి లేచి వచ్చారు. "ఏమయ్యా, బాగా నడుస్తున్నదాన్ని పదేపదే ఆపుతావెందుకు?" అన్నారు. రెండుసార్లు చక్కగా వచ్చింది. మూడోసారికి ముందు, ఇక అక్కర్లేదని కీబోర్డు, మౌసు తీసి సంచిలో పెట్టేశాను. స్విచ్ వేశాను. నల్ల తెర మీద కీబోర్డు కనిపించడం లేదన్న ఒక వరుస వచ్చి, అక్కడే ఆగిపోయింది. కొనసాగాలంటే కీబోర్డు మీద ఎఫ్1 నొక్కమంటోంది. సంచిలోంచి కీబోర్డు మళ్లీ తీసి, బయోస్‌లో ఆ తనిఖీని ఆపేసి, నాలుగోసారి స్విచ్ ఆపాను.